అరువు తెచ్చిన ఆడపడుచులు

ఇటు జరగండర్రా, ఇటు! ఆ మూల గుసగుసలు ఆపండి. వక్క నమిలేవాళ్ళు చప్పుడు లేకుండా నమలండి. యుద్ధం రోజుల్లో, బెజవాడలో మా ఇంట జరిగిన ముచ్చట ఇది.

మా అమ్మానాన్నలకి నేనొక్కణ్ణే. చిన్నప్పుడు దాగుడుమూతలు కూడా ఒక్కణ్ణే ఆడుకునేవాణ్ణి. ఓసారి మూడు రోజులు నాకు నేనే దొరకలేదు!

మా ఆవిడ భద్రమ్మ తొమ్మండుగురిలో ఒకతె. వాళ్ళింట్లో కంచంలో బూరె పడ్డాక రెప్ప వేస్తే ఇక కంచమే మిగిలేది.

మాకు కొడుకు పుట్టాడు. మా వాళ్ళలో బారసాలనాడు మేనత్త బిడ్డ చెవిలో పేరు చెప్పి ఉయ్యాల్లో వేస్తుంది. ఆవిడ ఏది అంటే అదే పేరు. మా నాన్న పేరు మల్లేశ్వరరావు. అది పెట్టాలని నా ఆశ. భద్రమ్మకేమో వాళ్ళ నాన్న పేరు కావాలి, ఏడుకొండలు.

"మీకు అక్కా లేదు, చెల్లీ లేదు. మా వదిన చెబుతుందిలెండి, ఆవిడా అత్త వరసేగా" అంది.

"ఉప్పు అరువు తెచ్చుకోవట్లా? చెల్లెల్నీ తెచ్చుకుంటా!"

"తెచ్చుకోండి. ఉప్పైతే మాట వింటుంది" అంది.

మా మగ్గానికి కండెలు చుట్టే సుబ్బరత్నాన్ని, చెల్లెలిగా వచ్చి మా నాన్న పేరు చెప్పమని అడిగాను. "చూస్తాలే అన్నయ్యా" అంది. ఆ 'చూస్తాలే' నమ్మకం లేక పెరుగు మాణిక్యమ్మనీ అడిగాను. అదీ చాలక, పురుడు పోసిన నర్సు తెరేసమ్మని అడిగాను.

"బిడ్డని బయటికి లాగిందే నేను. నాకంటే దగ్గరి చుట్టం ఎవరయ్యా?" అంది.

ఇంకేం, బారసాలకి ముగ్గురూ దిగారు! ఉయ్యాలకి గొలుసులు నాలుగైతే, పట్టుకున్న చేతులు ఆరు.

"అన్నయ్య నన్ను పిలిచాడు!"

"నీకే అన్నయ్యా? నాకు మామయ్యా?"

ఒకతె నా కండువా లాగింది, ఒకతె పిలక పట్టింది, తెరేసమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. ముప్ఫయ్యేళ్ళు వచ్చాక తోబుట్టువుల చేతి దెబ్బ తిన్నానర్రా! ఎంత హాయిగా ఉందో, రెండో వీపు ఉంటే అదీ తిప్పేవాణ్ణి.

"కొట్టుకోకండమ్మా. ముగ్గురూ చెప్పండి, ఎక్కువమంది అన్నదే పేరు" అంది భద్రమ్మ. నాకు నవ్వాగలేదు. మూడూ నావేగా!

సుబ్బరత్నం వంగింది. "ఏడుకొండలు."

మాణిక్యమ్మ వంగింది. "ఏడుకొండలు."

తెరేసమ్మైతే వీధి చివరికి వినబడేలా, "ఏడుకొండలూ!"

"ఏం మందు పెట్టావే వీళ్ళకి?" అన్నాను.

"మీరు వెళ్ళి పేరు చెప్పమన్నారు. నేను వెళ్ళి, అన్నం తిన్నావా వదినా అన్నాను. ఒంటిగా పెరిగారు, మీకెట్టా తెలుస్తుందిలెండి!" అని బూరె నా నోట్లో కుక్కింది.

తల వంచుకుని నములుతున్నాను. ఇబ్రహీంపట్నం నుంచి ఎన్నో ఏళ్ళకి భోజనానికొచ్చిన మా నాన్న పాత స్నేహితుడు, ఈ అరువు సంగతి తెలియక, విస్తట్లో పాయసం జుర్రుతూ, ఆ ముగ్గురినీ ఎగాదిగా చూసి, కళ్ళు ఒత్తుకుని అన్నాడు:

"ముగ్గురికీ అచ్చం మా మల్లేశ్వరరావు ముక్కేరా! ఎటొచ్చీ నీకే రాలేదు."