ఫోను అడిగిన చుట్టరికం

మనింటి ఫొటోలు మనమే వెతికి చూసుకోవడం ఎంత మొరటు అలవాటో మీకెప్పుడైనా అనిపించిందా? నాకనిపించింది. అందుకే ఆ పని మొత్తం నా ఫోనుకి అప్పగించి, విజయనగరంలో రిటైర్డు జీవితం నిశ్చింతగా గడుపుతున్నాను. ఫొటోలు తనే సర్ది, తనే పదిమందికీ పంపే ఫోను ఈ యుగానికి దొరికిన వరం. కాదన్నవాళ్లు నాతో వాదనకి రావచ్చు!

వెనకటికి ఫొటోలెక్కడుండేవి? ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున, కలరా ఉండల మధ్య. ఒక్క ఫొటో కావాలంటే ఇంటిల్లిపాదీ తుమ్మాలి. ఇప్పుడో? మా అమ్మాయి సింధూరి పాత ఫొటోలన్నీ ఫోనులోకి ఎక్కించేసి, "ముఖాలు అదే గుర్తుపడుతుంది నాన్నా. అది ఏమడిగినా ఓకే నొక్కెయ్, అంతే" అని చెప్పి అత్తారింటికి వెళ్లిపోయింది.

దాని తెలివి చూడండి. మా పెద్దత్తనీ, గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయనీ ఒకే మనిషిగా తేల్చింది. నిష్పక్షపాతంగా చూస్తే పోలిక ఉంది! గేదెలకి వేరే ఫోల్డరు పెట్టి, మా తోడల్లుడు ధర్మేంద్రని అందులో చేర్చింది. ఇన్నేళ్లలో చుట్టాలెవరికీ రాని ధైర్యం అది.

అలాంటి ఫోను మొన్న పొద్దున్నే మినతి ఫొటో పైకి తీసింది.

మినతి ఎవరంటారా? నేను కొత్తవలసలో టైపు నేర్చుకునే రోజుల్లో, అక్కడి రైల్వే క్వార్టర్సులో ఉండే ఒడియా వాళ్లమ్మాయి. నాకు ఒడియా రాదు, ఆమెకి తెలుగు అంతంతమాత్రం. పక్కపక్క మిషన్ల మీద కూర్చుని ఇంగ్లీషులో ప్రేమించుకున్నాం, అదీ తప్పులతో. ఆమె క్యారేజీలో పప్పూ కూరగాయలూ కలిపి వండిన దాల్మా నాకు, మా అమ్మ చేసిన పనసపొట్టు కూర ఆమెకి.

పెళ్లి చేసుకుంటానన్నాను. మా ఇంటికి పెద్దదిక్కయిన గోవిందరావు చిన్నాన్న కొత్తవలస ప్లాట్‌ఫారం మీద ఆమెని ఎగాదిగా చూసి, "ఒడియా పిల్లేటిరా మనింటికి? రేపు తోటికోడళ్లతో ఏ బాసలో దెబ్బలాడతాది?" అన్నారు. ఆయన మాటకి తిరుగుందా? మినతి వాళ్ల నాన్న కోరాపుట్‌కి బదిలీ చేయించుకుని పిల్లని తీసుకుపోయారు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడకి ఈ సంగతి ఒక్కసారి చెప్పాను, ఫొటో మాత్రం చూపించలేదు.

నా ఫోను ఆ ఫొటో చుట్టూ తెల్లపూల బోర్డరు వేసింది. వెనక వీణ వాయించింది. కింద 'మధుర స్మృతిలో' అని రాసి, "కుటుంబంతో పంచుకుంటారా?" అనడిగింది. ఏమడిగినా ఓకే నొక్కాలి కదా! నొక్కాను.

నలుపు తెలుపు ఫొటో, చుట్టూ పూలు, పొద్దున్నే! మా ఫ్యామిలీ గ్రూపులో దానికి ఒకటే అర్థం. "ఓం శాంతి" అన్నాడు ధర్మేంద్ర. ఆ వెనకే చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. "నన్నెంత ముద్దుగా ఎత్తుకునేదో" అని ఒక మేనల్లుడు కన్నీళ్ల బొమ్మ పెట్టాడు. వాడు పుట్టేసరికి ఆవిడ ఒడిశా వెళ్లి పదేళ్లయింది!

ఎస్.కోట నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మా ఆవిడ పార్వతీదేవి స్టవ్ కట్టేసి వచ్చింది. "ఎవులో పోయినారట. మనకి మైలుంటాదా ఏటండీ? తలకి పోసుకోవాలా, టీ పెట్టొచ్చా?"

ఇంతలో చిన్నాన్న ఫోను. స్పీకరు నొక్కాను.

"ఒరే గిరీ, గురువారం మన శ్రావణి నిశ్చితార్థం కదా. పోయినామె మనకేటవుద్దిరా? మైలుంటే ముహూర్తం మార్చాల. తొరగా సెప్పు."

చూశారా ఫోను మహిమ? నలభయ్యేళ్లుగా మా ఇంట్లో ఎవరూ తలవని మనిషి, ఒక్క ఓకేతో కుటుంబ చర్చకి వచ్చింది! మినతి మాకేమవుతుంది? ఏదో అవుతుందంటే చిన్నాన్న మనవరాలి శుభకార్యం ఆగిపోతుంది. ఏమీ కాదనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ ఎక్కడుందో, అసలు ఉందో లేదో కూడా నాకు తెలీదు.

"ఏమీ కాదు చిన్నాన్నా. ఎవరూ పోలేదు. ఫోను పొరపాటు" అన్నాను.

"హమ్మయ్య!" అన్నారాయన. ఫొటో మళ్లీ చూసినట్టున్నారు, "అయినా ఎంత కళగల మొకంరా! లచ్చిందేవిలాగున్నాది. అలాటి పిల్లని కోడలిగా తెచ్చుకున్నోలెవులో గానీ, అదురుష్టమంతులు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముఖాన్ని తెచ్చి ఎదురుగా నిలబెట్టినప్పుడు ఈ కళ్లు ఏమయ్యాయని ఆయన్ని అడిగేద్దామని నోరు తెరిచాను. ఆ లోపే పార్వతీదేవి ఆ ఫొటోనీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి, స్టవ్ వెలిగించి, స్పీకరులోంచి ఆయనకీ వినపడేలా అంది:

"సిన్న మావయ్యా, ఆ మాటేదో అప్పుడే అనుంటే, నాను మా ఎస్.కోటలో సుకంగా ఉందును కదా!"