తువ్వాల కింద నంబరు

ఆ రోజు పొద్దున ఈశ్వరప్ప వేసుకున్న లెక్క చాలా చిన్నది. సూపర్‌మార్కెట్ తలుపు తీయగానే లోపలికి పోవాలి, ఒక కిలో రాగి పిండి తీసుకోవాలి, ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరాలి. పెట్టుబడి తక్కువ, పని సులువు. చిక్కల్లా ఒకటే. రాబర్ట్‌సన్‌పేట బజారులో రాగి పిండికి పేరుపడ్డ అంగడి ఆయనదే.

తాత కాలం నుంచి ఆ అంగడికి రాగులే ఆధారం. బంగారు గనులు నడిచినన్నాళ్ళూ కార్మికుల లైన్లలోని ఇళ్ళకు పిండి అక్కడి నుంచే పోయేది. గనులు మూతపడినా రాగి ముద్ద మూతపడలేదు కాబట్టి అంగడీ మూతపడలేదు. కానీ కిందటేడు వీధి చివర గాజు తలుపుల సూపర్‌మార్కెట్ ఒకటి వెలిసింది. అప్పటి నుంచి ఈశ్వరప్ప వచ్చిన ప్రతి మనిషికీ పిండితో పాటు ఒక మాట కూడా పొట్లం కట్టి ఇస్తున్నాడు. "ఆ గాజు అంగడి పిండితో ముద్ద చేస్తే గోడకి అంటించుకునేదానికి పనికొస్తాది. నేనైతే ఆ గడప తొక్కను."

ఇంతలో వాన పడింది. కొట్టు కప్పు కారి, ఉన్న మూటలన్నీ తడిసి పురుగు పట్టాయి. మాస్తి నుంచి కొత్త మూటలు రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. సరిగ్గా ఆ పొద్దునే భార్య నాగరత్న ఖాళీ డబ్బా తెచ్చి ఆయన ముందర బోర్లించింది.

"మా అన్న సుగటూరులో బస్సెక్కినాడంట. మధ్యానానికి ఈడుంటాడు. ముద్ద లేకుంటే ఆయన విస్తరి ముందర కూర్చోడు, మీకు తెల్సు కదా."

"అన్నం పెట్టరాదా?"

"పెట్టచ్చు. రాగుల శెట్టి ఇంట్లో పిడికెడు రాగి పిండి లేదని ఆయన సుగటూరంతా చెప్తాడు. అది కూడా పెట్టుకుందామా?"

బావమరిది శంకరనారాయణ నోటి సంగతి ఈశ్వరప్పకు తెలుసు. బజారులో ఇంకో అంగడికి పోయి పిండి అడిగితే మాత్రం? సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. సూపర్‌మార్కెట్లో అయితే ఎవరూ ఎవరినీ పలకరించరు. మనిషి మొహం చూసే అలవాటు లేని చోటు దొంగపనికి మంచిదని ఆయన తీర్మానించుకున్నాడు. మంకీ క్యాప్ కళ్ళ దాకా లాక్కున్నాడు. భుజాన తువ్వాల వేసుకున్నాడు. ఇక మిగిలింది గొంతు. ఆయన గొంతు బజారు ఈ కొసన పలికితే ఆ కొసన వినబడుతుంది. అందుకని లోపల నోరే తెరవకూడదని నిశ్చయించుకున్నాడు. వ్యాపారికి నోరు మూసుకోవడం కన్నా పెద్ద ఖర్చు లేదు. అయినా పేరు నిలవాలంటే భరించక తప్పదు. సరుకు పాడైతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, చెప్పిన మాట పాడైతే ఏ మండీలోనూ దొరకదు.

పిండి దొరకడం దాకా అంతా సవ్యంగానే జరిగింది. బిల్లు వేసే బల్ల వెనకాల అర్పిత అనే పిల్ల కూర్చుని ఉంది. ఒక చేత్తో సరుకులు స్కానర్ మీద గీకుతోంది, ఇంకో చేత్తో సెల్లు చూస్తోంది. ఈశ్వరప్ప పొట్లం పెట్టి, పక్కనే నోటు పెట్టాడు.

"ఫోన్ నంబర్," అంది అర్పిత, తల ఎత్తకుండా.

ఈశ్వరప్ప తల అడ్డంగా ఊపాడు. తల ఎత్తని మనిషికి తల ఊపితే ఏం లాభం?

"నంబర్ హేళ్రీ," అని కన్నడంలో అడిగింది. "నంబర్ సొల్లుంగ," అని తమిళంలో అడిగింది. "నంబర్ బోలో," అని హిందీలో కూడా అడిగి, చివరికి తల ఎత్తింది. "ఏమప్పా, చెవుడా? నంబర్ కొట్టకుంటే ఈ మిషన్లో బిల్లు రాదు. ఇచ్చేదుంటే ఇయ్యి, లేకుంటే సైడ్‌కి నిల్చుకో. వెనక జనం ఉండారు. పొద్దున్నే యాడ్నించి వస్తారో ఇట్లాంటోళ్ళంతా!"

ఈశ్వరప్పకు ఒళ్ళు మండింది. తన అంగడిలో పైసా కొనకుండా పోయే మనిషిని కూడా "మళ్ళీ రాప్పా" అని సాగనంపుతాడు. అయినా నోటి దాకా వచ్చిన మాటను మింగేశాడు. నంబరు ఇచ్చేసి బయటపడటమే మేలనిపించింది. కానీ నోరు తెరవకుండా నంబరు ఇవ్వడం ఎలా?

రాసి చూపించవచ్చు కదా అని మనకు తోస్తుంది. ఆయనకు తోచింది వేరు. పశువుల సంతల్లో, పాత మండీల్లో పక్కవాడికి ధర తెలియకుండా ఇద్దరు బేరగాళ్ళు తువ్వాల కింద చేతులు కలుపుతారు. వేళ్ళు పట్టి నొక్కడంలోనే అంకెలన్నీ చెప్పుకుంటారు. ఈశ్వరప్ప జీవితమంతా పెద్ద పెద్ద బేరాలన్నీ అలాగే కుదిర్చినవాడు. నోరు మెదపకుండా అంకెలు చెప్పడానికి అంతకన్నా మంచి దారి లోకంలో ఉందని ఆయన ఎరగడు. భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పుకున్నాడు. అంకెలు మొదలుపెట్టడానికి చూపుడువేలు చాచి, ఆ పిల్ల కూడా తువ్వాల కిందికి చేయి పెడుతుందని ముందుకు జరిపాడు.

అర్పిత చూసింది. మంకీ క్యాప్‌లో రెండు కళ్ళు. మాట లేదు. తువ్వాల కింద ఏదో మొనదేలి తన వైపు చూస్తోంది.

"గన్!" అని కేక పెట్టింది. "అయ్యయ్యో, గన్ ఉండాది! గన్!"

ద్వారం దగ్గరి సెక్యూరిటీ మనిషి చాలా చురుకైనవాడు. క్షణంలో ఇనుప షటరు కిందికి లాగేశాడు. లాగేముందు తాను బయట ఉండేలా చూసుకున్నాడు.

లోపలి జనం దొరికిన చాటుకల్లా దూరారు. అర్పిత రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. "ఏం కావల్లో తీసుకోప్పా," అంది. "అయితే నంబర్ మాత్రం చెప్పల్ల. లేకుంటే బిల్లు రాదు."

ఇక ఈశ్వరప్ప వల్ల కాలేదు. "గన్ యాడ ఉండాదే తల్లీ! ఇది నా వేలు!" అని అరిచాడు. తువ్వాల ఎగరేసి వేలు చూపించాడు. ఆ గొంతుకు షటరు కూడా గల్లుమంది.

బియ్యం బస్తాల వెనకాల నుంచి ఒక ఆడగొంతు లేచింది. "అయ్యో దేవుడా! ఇది మన ఈశ్వరప్ప శెట్టి గొంతు!"

ఈశ్వరప్ప మంకీ క్యాప్ ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. బస్తాల వెనక నుంచి చాంపియన్ రీఫ్స్ గని లైన్లలో ఉండే అక్కయమ్మ, చేతులెత్తుకునే, బయటికి వచ్చింది. సబ్బు పొడి డబ్బాల వెనక నుంచి తిమ్మప్ప వచ్చాడు. నూనె డబ్బాల పక్క నుంచి ఇంకొకరు, ఫ్రిజ్ చాటు నుంచి మరొకరు. అందరూ ఆయన అంగడికి తరతరాలుగా వచ్చేవాళ్ళే. ఈ వేళకైతే శెట్టి తన గల్లా పెట్టె ముందర కూర్చుని ఉంటాడని లెక్క వేసుకుని, ఆయన కంట పడకూడదనే వాళ్ళు ఈ వేళకు వచ్చారు. అక్కయమ్మ మోచేతికి తగిలించుకున్న బుట్టలో రాగి పిండి పొట్లం కూడా ఉంది. ఆమె దాన్ని కొంగు కింద దాచుకోబోయింది కానీ చేతులు పైన ఉండిపోయాయి.

ముందుగా తిమ్మప్ప నోరు విప్పాడు. "శెట్టీ, నేను సబ్బు పొడి కోసరమే వచ్చినాను. నీ మీద ఒట్టు. పిండి నీ దగ్గరే కదా కొనేది."

"మా కోడలు పంపించింది," అంది అక్కయమ్మ ఏడుపు గొంతుతో. "నాకు వద్దు వద్దంటానే ఉండాను. నువ్వు మమ్మల్ని పట్టుకునేదానికి ఇట్ల యేసం కట్టుకోని వస్తావని నేను అనుకోలేదప్పా."

సంగతి అర్థం కావడానికి ఈశ్వరప్పకు ఒక్క క్షణం పట్టింది. మార్కెట్టు ఒక్కసారిగా తిరిగిందని ఆయనలోని వ్యాపారి గుర్తుపట్టాడు. వీళ్ళకు తాను దొరకలేదు, తనకే వీళ్ళు దొరికారు. మెల్లగా తువ్వాల తీసి బల్ల మీది తన పొట్లం మీద కప్పేశాడు.

"పట్టుకునేదానికి కాదు అక్కయమ్మా," అన్నాడు, గొంతులో దుఃఖం కూడా కొంచెం కలిపి. "మీరు యాడన్నా కొనుక్కోండి, నాకేమి? మా మనుషుల్ని ఈడ ఎట్ల పలకరిస్తా ఉండారో కండ్లారా చూసేదానికి వచ్చినాను. చూసినాను. నన్ను చెవుడా అనింది."

"ఈ పొట్లం..." అని అర్పిత తువ్వాల ఎత్తబోయింది.

"అది శాంపిల్!" అని ఈశ్వరప్ప గద్దించాడు.

అంతే, గండి పడినట్టు అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. "నన్ను కూడా! సబ్బు ధర అడిగితే, డబ్బా మీద రాసుండాది, చదువు రాదా అనింది," అంది అక్కయమ్మ. "మోకాళ్ళు నొప్పి, స్టూలు ఉంటే వెయ్యి తల్లీ అంటే, ఇదేమన్నా ఆస్పత్రా అనింది," అన్నాడు తిమ్మప్ప. ఈ గలాటాకు మేడ మీది గదిలో నుంచి మేనేజర్ యోగేశ్ పరుగున దిగి వచ్చాడు. మొదట చేతులెత్తాడు. వేలి సంగతి తెలిశాక ఆ చేతులనే జోడించాడు.

"సారీ సార్. అర్పితా, ఏమిది?"

"దినామూ ఒక్కదాన్నే కూర్చోని ఉంటాను సార్," అంది అర్పిత. "ఆ నంబర్ అడగమని చెప్పింది మీరు. అడిగితే ప్రతి మనిషీ నన్ను తిట్టేదే. నవ్వమని మీరు యాడా చెప్పలేదు."

ఆ మాటలో న్యాయం ఉందని ఈశ్వరప్పకు లోలోపల అనిపించింది. కానీ చుట్టూ ఇంతమంది పాత ఖాతాదారులు తన మొహంలోకి చూస్తున్నప్పుడు న్యాయానికి ధర పలకదు. గొంతు సవరించుకుని తాను అందుకున్నాడు.

"ఆ బిడ్డని తిట్టద్దండి. నేర్పిస్తే నేర్చుకుంటాది. మర్యాద అంటే ఏమి? గిరాకీ వస్తే లేచి నిలబడల్ల. పేరు పెట్టి పిలవల్ల. గుసగుసగా కాదు, నలుగురికీ వినబడేట్ల గట్టిగా పిలవల్ల. ఏం కొన్నారో అడగల్ల, మళ్ళీ రమ్మనల్ల. మా అంగట్లో మా తాత నాటి పద్ధతి ఇది."

"ఈ క్షణం నుంచే సార్," అన్నాడు యోగేశ్. అర్పిత వైపు తిరిగి, "విన్నావు కదా? తప్పితే ఉద్యోగం ఉండదు," అన్నాడు.

షటరు లేచింది. సెక్యూరిటీ మనిషి అందరికన్నా ముందు లోపలికి వచ్చి ఈశ్వరప్పకు సెల్యూట్ కొట్టాడు. అక్కయమ్మ తన బుట్టను అక్కడే దించేసింది. తిమ్మప్ప సబ్బు పొడి కూడా వదిలేశాడు. "మాకు ఈ గాజు అంగడి వద్దప్పా, నడు," అంటూ అందరూ ఈశ్వరప్పను ముందు పెట్టుకుని బయలుదేరారు. బజారు మధ్యలో దేవర ఊరేగింపు పోతున్నట్టే ఉంది. అంత గౌరవం ఆయన పెళ్ళినాడు కూడా చూడలేదు.

అంగడి గడప ఎక్కాక అక్కయమ్మ సంచీ చాచింది. "మూడు కిలోలు వెయ్యి శెట్టీ, రాగి పిండి."

"నాకు రెండు," అన్నాడు తిమ్మప్ప. వెనకవాళ్ళంతా అదే మాట.

ఈశ్వరప్ప పురుగు పట్టిన మూటల వైపు చూడకుండా నవ్వాడు. "పిండి మిల్లులో ఉండాది. మధ్యానం వచ్చి తీసుకోండి, అప్పటికి తాజాగా ఉంటాది."

వాళ్ళు పోగానే లోపలి తలుపు తీసుకుని నాగరత్న వచ్చింది. "ఇంతకీ మా అన్నకి పిండి యాడ?"

అప్పుడు గుర్తొచ్చింది. పొట్లమూ లేదు, తువ్వాలా లేదు. రెండూ బల్ల మీదే ఉన్నాయి.

"బాగుండాది," అంది నాగరత్న. "ఒక కిలో తెస్తానని పోయి, ఊరందరికీ ఇస్తానని వచ్చినారు."

పావు కిలో తప్పు తూకం వేసినవాడు దిద్దుకోవచ్చు, ఊరంతకీ తూకం ఒప్పుకున్నవాడికి ఒకటే దారి. ఈశ్వరప్ప రెండు గోనె సంచులు చంకన పెట్టుకుని సందుల వెంట సూపర్‌మార్కెట్ చేరాడు. లోపల గిరాకీ పలచగా ఉంది. గోడవారనే నడిచి, అరలో ఉన్న రాగి పిండి పొట్లాలన్నీ తోపుడు బుట్టలోకి దించేశాడు. తన తూకానికి విప్పి తన ధరకు అమ్మితే కిలో కిలోకూ నష్టమే. పరవాలేదు, మాట మిగులుతుంది. అర్పిత సెల్లు చూసుకుంటూ ఉండాలని, తల ఎత్తకూడదని మనసులో దేవుడికి టెంకాయ మొక్కుకుంటూ బల్ల దగ్గరికి తోశాడు.

అర్పిత టక్కున లేచి నిలబడింది. చేతులు జోడించింది. ఆఫర్లు చెప్పే మైకు ఇప్పుడు ఆమె చేతికి ఇచ్చారు.

"నమస్కారం ఈశ్వరప్ప గారూ! రాండి, రాండి! పొద్దున ఒక కిలోనే తీసుకున్నారు, ఇప్పుడు అంతా తీసేసినారా! మా రాగి పిండి అంత బాగుండాదా సార్?"

ఆ గొంతు ఫ్రిజ్ దాకా, బియ్యం బస్తాల దాకా, వీధి దాకా పోయింది.

"అమ్మా," అన్నాడు ఈశ్వరప్ప, రెండు చేతులూ జోడించి, ప్రాణం పోయే గొంతుతో. "నీకు పుణ్యముంటాది. పొద్దున మాట్లాడినట్ల మాట్లాడు తల్లీ. తిట్టు. చెవుడా అను."

"అయ్యో, అట్ల కుదరదు సార్," అంది అర్పిత మైకులోనే, ఆ రోజు మొదటిసారిగా పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. "మీరు చెప్పిన పద్ధతి. సంచి కావల్లా ఈశ్వరప్ప గారూ?"

ఆయన వెనకాల ఎవరో దగ్గారు. వదిలిపోయిన గొడుగు కోసం తిరిగి వచ్చిన అక్కయమ్మ, గొడుగు చంకన పెట్టుకుని, తోపుడు బుట్టలోకి తొంగి చూస్తోంది. ఒక్కొక్క పొట్లమే నెమ్మదిగా చూసింది. తర్వాత ఆయన మొహం చూసింది.

"ఏం శెట్టీ," అంది. "మిల్లు ఇదేనా?"

ఆ గాజు అంగడిలో ఖర్చు లేకుండా దొరికే సరుకు అమర్యాద ఒక్కటే. దాన్ని కూడా ఈశ్వరప్పే నిలిపించాడు.