దుప్పటి సాక్ష్యం

ఆ రోజు పొద్దున్నే లేచి ఆమె మొట్టమొదట చేసిన పని, బాత్‌రూమ్ గుమ్మానికి వేలాడే దుప్పటిని ఉతికి ఆరేయడం. భోజనాల వేళలోపు నష్టపరిహారం ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తానన్నాడు. ఆయనకు చూపించాల్సింది ఆ దుప్పటినే. సాక్ష్యమే కావచ్చు, ఇంటికొచ్చిన మనిషికి మాసిన గుడ్డ ఎలా చూపిస్తుంది?

ఆ బాత్‌రూమ్‌కి తలుపు లేదు. ఈ వాటాలో దిగిన రోజున, వచ్చే వారం పెట్టిస్తామని పైన ఉండే ఇంటావిడ చెప్పింది. ఆ వారం ఇంకా రాలేదు. లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి ఆమె దగ్గేది, ఆమె భర్త కూనిరాగం తీసేవాడు. శ్రుతి ఉండేది కాదు గానీ గొంతు ఉండేది. పక్క మీద పడుకున్న పాపాయి ఆ పాటకి కాళ్లాడించేది. ఇప్పుడాయన పాడడం లేదు. ఎవరూ లేరనుకుని ఆమె ఒకసారి దుప్పటి తొలగించింది. లోపల ఆయన, మిగిలిన వేళ్లతో మగ్గు పట్టుకోవడం నేర్చుకుంటూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె చూడనట్టు వెనక్కి వచ్చేసింది.

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ ఆయన కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ తీసుకుంది. పని చకచకా సాగాలని దానికి అడ్డుగా ఉండే రక్షణ రేకుని ఊడదీయించింది సూపర్‌వైజరే. ఆస్పత్రికి తీసుకెళుతూ ఆటోలో ఆయన చెవిలో మంత్రం ఊదిందీ ఆ సూపర్‌వైజరే. "ఇంట్లో బాత్‌రూమ్ తలుపులో పడ్డాయని చెప్పు. మీ ఆవిడ చూసుకోకుండా వేసిందను. మిగతాదంతా మేం చూసుకుంటాం."

నొప్పిలో ఉన్న మనిషి అలాగే చెప్పాడు. ఆస్పత్రి వాళ్లు అలాగే రాసుకున్నారు. కట్టు విప్పే నాటికి సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. నష్టపరిహారం అడిగితే ఫ్యాక్టరీ వాళ్లు ఆస్పత్రి కాగితం చూపించారు. దాని ప్రకారం తప్పంతా ఆమెదే. అత్తగారు ఫోన్ చేసి, "కాస్త చూసుకుని వెయ్యకూడదటమ్మా తలుపు" అని ముక్కు చీదింది. ఆవిడ ఆ దుప్పటి వెనక నెల్లాళ్లు స్నానం చేసి వెళ్లిన మనిషే. "అలాగే అత్తయ్యా" అంది ఆమె. ఇంకేం అంటుంది?

అసలు తమ బాత్‌రూమ్‌కి తలుపే లేదని నష్టపరిహారం ఆఫీసులో అర్జీ పెడితే, వచ్చి చూస్తామన్నారు. ఆమె అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ పొద్దున దుప్పటి ఆరేశాక, గేటు తాళం తీసి ఉంచమని చెప్పడానికి మేడెక్కి, బాత్‌రూమ్ తలుపు చూడడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ఇంటావిడ చెవిన వేసింది. తర్వాత పాపాయిని చంకనేసుకుని ఆయన చేతికి రాసే మందు కొనడానికి మందుల షాపుకి వెళ్లింది. ఆ కాస్త వ్యవధి చాలింది. అద్దెకున్నవాళ్లు తన మీద పితూరీ పెట్టారనుకుని ఇంటావిడ, ఎక్కడిదో పాత తలుపుతో వడ్రంగిని పిలిపించింది.

ఆమె తిరిగొచ్చేసరికి బాత్‌రూమ్‌కి ఆకుపచ్చ తలుపుంది. దాని ముందు గొంతుక్కూర్చుని వడ్రంగి, ఉతికిన దుప్పటితో బ్రష్ తుడుచుకుంటున్నాడు. మంచం మీద కూర్చున్న భర్త, మన చేతిలో ఏముంది అన్నట్టు చూశాడు.

"అన్నా, దీన్ని తీసెయ్యి. సాయంత్రం మళ్లీ పెడుదువుగాని."

"తలుపు లేదని ఏడ్చేవాళ్లని చూశాను చెల్లెమ్మా. పెట్టినందుకు ఏడ్చేదానివి నువ్వే."

అతను కదిలేలా లేడు. పాపాయిని భర్త ఒళ్లో వేసి, ఆమే స్క్రూడ్రైవర్ లాక్కుని స్టూలెక్కింది. ఒక స్క్రూ సగం వచ్చింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఇన్‌స్పెక్టరు చెప్పులు విడుస్తున్నాడు. ఆయన వెనకే రొప్పుకుంటూ ఇంటావిడ.

"చూడండి బాబూ, లక్షణమైన తలుపు. ఇల్లు కట్టినప్పటి నుంచీ ఉంది. లేదు లేదని ఈ అమ్మాయే గోల."

ఇన్‌స్పెక్టరు స్టూలు వైపూ, స్క్రూడ్రైవర్ వైపూ చూశాడు. "మరి దాన్నెందుకమ్మా పీకుతున్నారు?"

ఆమె స్క్రూడ్రైవర్ కొంగు చాటున దాచుకుంది. దొంగలా కిందికి దిగింది. ఇన్‌స్పెక్టరు ఆమె భర్తను లేపి తలుపు చట్రం దగ్గర చెయ్యి ఎక్కడ పెట్టాడో చూపించమన్నాడు. పాపాయిని ఎడమచేత్తో ఎత్తుకుని ఆయన వచ్చి కుడిచెయ్యి ఆనించాడు. వేళ్లు ఉండాల్సిన చోట గోడ కనిపించింది. అప్పుడు ఇన్‌స్పెక్టరు ఆమెను ఆ రోజు ఎలా వేసిందో అలా తలుపు వేయమన్నాడు.

ఎన్నడూ వేయని తలుపుని ఆమె కళ్లు మూసుకుని తోసింది. అది నేలని రాసుకుంటూ కీచుమని, జానెడు దూరంలో ఆగిపోయింది. మళ్లీ తోసింది. ఇన్‌స్పెక్టరు తోశాడు. వడ్రంగి భుజం పెట్టి నెట్టి, "అడుగున చెక్కాలి సార్. పాత తలుపు కదా, ఈ గుమ్మానికి కొలత కుదరలేదు" అన్నాడు. ఇన్‌స్పెక్టరు తన చేతినే ఆ సందులో పెట్టి, అటూ ఇటూ ఆడించి, తాపీగా బయటికి తీసుకున్నాడు. చొక్కా చేతికి ఆకుపచ్చ చార పడింది.

"ఇల్లు కట్టినప్పటి పెయింటు ఇంకా ఆరలేదామ్మా?"

ఇంటావిడకి పైన పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న భర్త తలెత్తాడు. "తలుపు కాదు సార్. ఫ్యాక్టరీలో మిషను. మా ఆవిడ ఏం చెయ్యలేదు. తన పేరు చెప్పింది నేనే." ఇన్‌స్పెక్టరుతో చెబుతున్నా ఆయన చూసింది ఆమెనే. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే ఎదురుచూసింది. తీరా విన్నాక, పాపాయిని ఊరుకోబెట్టినట్టు ఆయన్నీ ఊరుకోబెట్టాలనిపించింది.

ఇన్‌స్పెక్టరు దుప్పటినీ తలుపునీ ఫొటోలు తీసుకుని, ఫ్యాక్టరీకి కూడా వెళ్లి మిషన్ చూస్తానన్నాడు. పరిహారం రావాలనే రాస్తానన్నాడు.

తలుపు అడుగు చెక్కడానికి వడ్రంగి మళ్లీ రాలేదు. మర్నాడు తువ్వాలు పట్టుకుని వచ్చిన ఆమె ఆ జానెడు సందు దగ్గర ఆగిపోయింది. లోపల్నుంచి శ్రుతి లేని కూనిరాగం, మధ్యలో మగ్గు జారిపడిన చప్పుడు, మళ్లీ రాగం. పక్క మీద పాపాయి కాళ్లాడించింది.

తలుపు పూర్తిగా పడదు కాబట్టి, ఆయనకి పాడక తప్పలేదు.