వెనకడుగు వెయ్యని మనిషి

"దాంపత్యమనేది ఒకే స్టీరింగు, ఇద్దరు డ్రైవర్లు గల మహావాహనం!"

ఈ మాట ఏ వేదాంతో అన్నాడనుకునేరు. అన్నది మా లారీ కంపెనీ భద్రతాధికారి ప్రెంటిస్ గాడిస్ గారు. ఊరికే అని వదల్లేదు. అచ్చు వేయించి, కింద సంతకం పెట్టి, నెబ్రాస్కాలోని మా కెర్నీ డిపో గోడకి నాలుగు మేకులతో కొట్టించారు. డ్రైవర్లు దొరక్క సగం లారీలు ఎండకి ఎండుతున్న రోజులవి. పరాయివాళ్ళెవరూ రావడం లేదు గనక, ఉన్న డ్రైవర్లే తమ తమ భార్యలకు లారీ నేర్పి జంటగా నడపాలని పథకం. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు సీట్ల వెనక పరుపు మీద పడుకుంటారు. బండి ఆగదు, సరుకు ఆగదు. పైగా భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మెలకువగా ఉండరు గనక పోట్లాటలకు ఆస్కారం లేదని ఆ కాగితంలోనే మూడో పేరాలో రాశారు!

అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా నేను స్కూలు భోజనశాలలో నాలుగువందల మంది పిల్లలకు మకరోనీ వండుతున్నాను. ఆ ఏడే స్కూలు మూతపడింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో చేతిలో గరిటె తప్ప మరో విద్య లేదు.

"నేను నేర్పుతాను, లోర్నా" అన్నాడు మా ఆయన.

మా ఆయన వెర్లిన్ హాస్కెట్. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. మంచు తుఫానులో కూడా ఎనభయ్యో నంబరు హైవే మీద బండి ఆపడని పేరు. "వెర్లిన్ ఎన్నడూ వెనకడుగు వెయ్యని మనిషి" అని కెర్నీలో అందరూ అంటారు. అందులో పిసరంత అతిశయోక్తి కూడా లేదని తర్వాత తెలిసింది.

మొదటిరోజు నన్ను సీట్లో కూర్చోబెట్టి గొంతు సవరించుకున్నాడు.

"లారీ అంటే కారు కాదు."

"తెలుసు. కారెక్కడానికి నిచ్చెన అక్కర్లేదు."

"వేళాకోళం వద్దు. అద్దంలో ఏం కనిపిస్తోంది?"

"ట్రైలరు."

"ఎంత పొడుగుంది?"

"మన కాపురమంత."

ఆయన గేరు మీద నా చెయ్యి పెట్టాడు.

ఉన్నమాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. రోడ్డు మీద ఆయనంత గురువు లేడు. వయోమింగు గాలి ట్రైలరుని పక్కకి తోస్తుంటే చేతులు ఎంత వదులుగా ఉంచాలో, కొండ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే వాసన ఎలా పసిగట్టాలో ఓపిగ్గా చెప్పాడు. నేను గేర్లు విరగ్గొట్టినంత చప్పుడు చేసినా ఒక్కసారీ విసుక్కోలేదు. నెలరోజుల్లో నేను పక్క రాష్ట్రం అయోవా దాకా వెళ్ళి వచ్చాను.

"మరి రివర్సు ఎప్పుడు నేర్పుతావు?" అన్నాను.

ఆయన ముఖం గంభీరమైపోయింది. "రివర్సు చివరి విద్య, లోర్నా. దానికి నువ్వింకా పండలేదు."

"నలభై ఎనిమిదేళ్ళకి పండకపోతే ఇంకెప్పుడు? రాలిపోయాకా?"

"తొందరపడకు" అని రేడియో పెట్టేశాడు.

పరీక్ష పది రోజుల్లో ఉంది. రివర్సు రాకపోతే లైసెన్సు రాదు. ఇలా లాభం లేదని డిపోలో ట్రైలర్లు సర్దే ఒడెస్సా ప్రూయిట్ దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. ఇరవై మీటర్ల బండిని అగ్గిపెట్టెలో అగ్గిపుల్లలా దూరుస్తుంది.

"మీ ఆయన నేర్పడా, తల్లీ?" అంది.

"నేనింకా పండలేదట."

ఒడెస్సా నన్నొకసారి ఎగాదిగా చూసి, ఏదో అనబోయి మానేసింది. "ఎక్కు. తొందరపడకు. అనుమానమొస్తే ఆపి, దిగి, వెనక్కి నడిచి నీ కళ్ళతో చూసుకో. దిగడానికి సిగ్గుపడేవాళ్ళే గోడలు పడగొడతారు" అంది.

పరీక్ష మొదటిసారే గట్టెక్కాను. "మరి నేర్పిందెవరు?" అని మా ఆయన డిపో అంతా తిరిగి చెప్పుకున్నాడు. పోనీలే అనుకున్నాను.

జంటగా దారిన పడ్డాక కొన్ని వింతలు గమనించాను. లారీలు ఆగే చోట గుమ్మం ముందే ఖాళీ ఉన్నా, మా ఆయన అర మైలు అవతల, ముందుకే వచ్చి ముందుకే పోగల చోటే నిలిపేవాడు. మంచులో నడుచుకుంటూ "గుండెకు మంచిది" అనేవాడు. సరుకు దించే గోదాముల దగ్గర ఒక డోనట్ల పెట్టె పట్టుకుని మాయమయ్యేవాడు. కాసేపటికి గోదాము మనిషెవరో మూతి తుడుచుకుంటూ వచ్చి మా బండిని వెనక్కి పెట్టి పోయేవాడు. ఎంత ఉదార స్వభావం, ఊరందరికీ తినిపిస్తాడు అని మురిసిపోయాను!

మార్చి నెలలో ఒకరోజు పొద్దున్న ఆగ్డెన్ అనే ఊళ్ళో గడ్డకట్టిన మాంసం దించాలి. నేను వెనక పడుకుని ఉన్నాను. గేటు దగ్గర కాపలామనిషి గొంతు వినిపించింది.

"బళ్ళు వెనక్కి పెట్టే యార్డు మనిషి రాలేదండీ. తొమ్మిదో గుమ్మం. మీరే పెట్టుకోండి."

బండి కదిలింది. ఆగింది. కదిలింది. మళ్ళీ ఆగింది. వెనక ఆరు లారీలు హారన్లు మోగిస్తున్నాయి. తెర తీసి చూస్తే మా ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని వదలడం లేదు.

"వెర్లిన్! ఏమైంది?"

"అద్దంలో మనిషి కనిపిస్తున్నాడు."

"ఎవరూ లేరే!"

"ఉన్నాడు. ఎప్పుడూ ఉంటాడు."

అప్పుడు చెప్పాడు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఎక్కడో గోదాములో వెనక్కి పెడుతుంటే, కిందపడిన చేతితొడుగు తీసుకోవడానికి కూలీ ఒకడు వంగాడట. ఈయన చూడలేదు. ఎవరో కేక వేస్తే బ్రేకు తొక్కాడు. చక్రానికీ అతని తలకీ మధ్య జానెడు దూరం.

"వాడు దులుపుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు, లోర్నా. నేనే ఇంకా అక్కడ ఉండిపోయాను."

"ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చావు?"

"డోనట్లతో."

నవ్వొచ్చే మాటే. కానీ ఆయన ముఖం చూస్తే నవ్వు రాలేదు. "దిగు. వెనక నిలబడు. ఎవరైనా అడ్డొస్తే చెయ్యెత్తు" అన్నాను.

సీట్లో కూర్చుని, ఒకసారి దిగి చూసుకుని, మళ్ళీ ఎక్కి, మెల్లిగా తొమ్మిదో గుమ్మం వైపు వెనక్కి పోనిచ్చాను. ఇంతలో వెనక డ్రైవర్లంతా చూస్తున్నారని మా ఆయనకి తెలిసింది. ఇక చూడాలి! "ఎడమకి! ఇంకొంచెం! అదీ! శభాష్!" అని రెండు చేతులూ ఊపడం మొదలెట్టాడు. బండి గుమ్మానికి ఆని ఆగిపోయాక "ఆపు!" అని కూడా అరిచాడు.

డ్రైవర్లు దిగివచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. "ఏం నేర్పావయ్యా భార్యకి!"

మా ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, "ఏదో, ఓపిక ఉండాలి" అన్నాడు.

కడుపు మండిందా? మండింది. కానీ ఆ తడిసిన చొక్కా చూసినదాన్ని. నోరు మూసుకున్నాను. అదే నా తప్పు. మూసిన నోరు ఎనిమిది నెలలు తెరవలేదు. ప్రతి గోదాము దగ్గరా నేను వెనక్కి పెట్టడం, ఆయన చేతులు ఊపడం. ఆయన పేరు కెర్నీ దాకా వచ్చేసింది. గోడమీద కొత్త కాగితం వెలిసింది: "శ్రీ వెర్లిన్ హాస్కెట్ గారిని ప్రధాన రివర్సు శిక్షకులుగా నియమించడమైనది. శనివారం ఉదయం ఏడు జంటల సమక్షంలో ప్రదర్శన. శ్రీమతి హాస్కెట్ పూలగుత్తి అందజేస్తారు."

"చెప్పెయ్యి" అన్నాను శుక్రవారం.

"ఇన్నేళ్ళ పేరు పోతుంది, లోర్నా."

"చెప్పకపోతే మనిషి పోతాడు."

ఆయన రేపటి చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలెట్టాడు.

శనివారం డిపోలో బండి వెనక్కి వచ్చే దారికి హద్దులుగా ఎర్ర కోన్లు వరసగా పెట్టారు. గాడిస్ గారు టై కట్టుకుని వచ్చి, "మన శిక్షకుని మీద నాకున్న విశ్వాసానికి గుర్తుగా నేనే ఆ చివర రిబ్బను పట్టుకుని నిలబడతాను!" అని ప్రకటించి, వెళ్ళి సరిగ్గా బండి వెనకే నిలబడ్డారు. చప్పట్లు మోగాయి. నా చేతిలో పూలగుత్తి నలిగిపోయింది.

మా ఆయన ఇంజను స్టార్టు చేశాడు. అద్దంలోకి చూశాడు. ఈసారి అక్కడ నిజంగానే మనిషున్నాడు.

ఇంజను ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. దిగి నేలమీద నిలబడి అన్నాడు:

"నాకు రివర్సు రాదు. మా ఇంట్లో రివర్సు లోర్నాది. ఆమెకి నేర్పింది కూడా నేను కాదు. అదిగో, ఆ ఒడెస్సా."

ఏడుగురు భర్తలూ ముక్తకంఠంతో "చ్చొచ్చొ" అన్నారు. "ఇన్నేళ్ళ మోసమా! నాకైతే కళ్ళు మూసుకుని వచ్చు" అన్నాడు హార్లన్ బాగ్స్. అతని భార్య అటు తిరిగి దగ్గింది. గాడిస్ గారు రిబ్బను మడిచి జేబులో పెట్టుకుని, "వాతావరణం అనుకూలించనందున ప్రదర్శన వాయిదా వేయడమైనది" అన్నారు. తల మీద ఎండ ఫెళ్ళున కాస్తోంది! సోమవారం నుంచి నేను "ప్రధాన శిక్షకుని భార్య హోదాలో తాత్కాలిక శిక్షకురాలిని" అని కూడా అక్కడికక్కడే నిర్ణయించారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "తేలిగ్గా ఉంది" అన్నాడు. అంతే.

సాయంత్రం ఫోన్ మోగింది. గాడిస్ గారు.

"శ్రీమతి హాస్కెట్, రేపు ఆదివారం... డిపోలో ఎవరూ ఉండరు కదా. నేను పదకొండేళ్ళుగా భద్రతాధికారిని. లారీ గురించి నాకు క్షుణ్ణంగా తెలుసు. అంటే... బయటినుంచి. లోపల ఎప్పుడూ కూర్చోలేదు. ఈ సంగతి మన మధ్యే ఉండాలి."

ఆదివారం పొద్దున్నే మా ఆయనా నేనూ వెళ్ళేసరికి గాడిస్ గారు టైతో సహా సిద్ధం. అయిదు నిమిషాలకి హార్లన్ బాగ్స్ బండి వచ్చింది. తాళాలు మరిచిపోయాడట. తర్వాత ఇంకొకాయన కుక్కని తిప్పుదామని వచ్చాడు, కుక్క లేకుండా. మిగతావాళ్ళకి ఆ మాత్రం సాకు కూడా తోచలేదు, ఊరికే వచ్చారు. తొమ్మిదయ్యేసరికి ఏడుగురు భర్తలూ చేరారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

"ముందెవరు?" అన్నాను.

"గాడిస్ గారు పెద్దవారు."

"అబ్బే, సర్వీసులో బాగ్స్ గారే సీనియరు."

"నేను ఊరికే వచ్చానండీ!"

ఆ డిపోలో అంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన వాళ్ళందరినీ తప్పించుకుని ముందుకొచ్చి, నా చేతిలో తాళాలు తీసుకుని లారీ ఎక్కాడు. కిటికీ అద్దం దించి, అందరికీ వినిపించేలా అడిగాడు:

"లోర్నా, స్టీరింగు ఎటు తిప్పాలి?"

జవాబు ఎక్కడ వినబడకుండా పోతుందోనని, ఊరికే వచ్చిన ఆ ఎనిమిది మందీ చెవులు రిక్కించుకుని లారీ దగ్గరికి జరిగారు.