ఎర్కిన్ కొరికిన రొట్టె

పూలాత్ అంటే ఆ ఊరివాళ్ల భాషలో ఉక్కు. ఆ పేరు పెట్టిన తాతగారు, మనవడు పెద్దయ్యాక పహ్లవాన్ ఫుట్‌బాల్ క్లబ్బులో చొక్కాలు ఉతుకుతూ, బంతులకు గాలి కొడుతూ, జట్టు ఓడిన ప్రతి శనివారం వంటింట్లో కూర్చుని కళ్లు తుడుచుకుంటాడని కలలో కూడా అనుకొని ఉండరు.

ఆ ఏడు జట్టు ఓడని శనివారమంటూ పెద్దగా లేదు. గోల్‌కీపర్‌ను ఊరంతా జల్లెడ అని పిలిచేవారు. వెనక కాపుకాసే బావాబావమరుదులిద్దరికీ మాటల్లేవు, అందుకని వాళ్ల మధ్యలోంచి బంతేమిటి, బస్సయినా దూరిపోయేది. కెప్టెన్‌కు మోకాలి నొప్పి, కోచ్‌కు గుండెనొప్పి. గోలు కొట్టడం తెలిసినవాడు ఎర్కిన్ ఒక్కడే. జట్టు కింది తరగతికి జారిందంటే క్లబ్బుకు తాళం వేస్తామని ఊరి పెద్దలు ముందే చెప్పేశారు. పెళ్లికి ముందునుంచీ ఆ క్లబ్బు తప్ప వేరే లోకమెరగని పూలాత్‌కు అది తన మెడకే పడ్డ తాడులా ఉంది.

సరిగ్గా అప్పుడే, వేసవి సెలవుల్లో, కొండ అవతలి ఊరి కార్వాన్ జట్టువాళ్లు ఎర్కిన్‌ను ఎగరేసుకుపోయారు.

పూలాత్ రెండు రోజులు పలావు ముట్టలేదు. మూడోరోజు ఉపాయం తట్టిందన్నాడు. భార్య మొహిరా గుండెలో రాయి పడింది. పోయినసారి తట్టిన ఉపాయంతో జట్టుకు దిష్టి తీస్తానని గోల్‌పోస్టు పక్కన ఎండుటాకుల పొగ వేశాడు. ఆ పొగలో జల్లెడకు బంతి కనపడక మామూలుకంటే రెండు గోల్స్ ఎక్కువే పడ్డాయి.

ఈసారి ఉపాయం రొట్టె. ఊరు విడిచేవాడు నిండు రొట్టెను ఒక్కసారి కొరికి వెళితే, మిగిలినదాన్ని ఇంట్లో మేకుకు వేలాడదీస్తారు. దాన్ని తిని ముగించడానికి వాడు తిరిగొచ్చి తీరాలి. సైన్యానికి వెళ్లిన కుర్రాళ్లందరినీ ఆ ఊళ్లో రొట్టెలే వెనక్కి తెచ్చాయి.

“వాడి చేత కొరికించాల్సింది వాళ్లమ్మ కదండీ, మధ్యలో మీరెవరు?” అంది మొహిరా.

“జట్టుకు తల్లీ తండ్రీ నేనే.”

“అందుకే పాపం అనాథల్లా ఆడుతున్నారు.”

ఎర్కిన్ ఘటికుడు. తల్లి రొట్టె తెస్తే, కొండ అవతలకి ఇదెందుకమ్మా అని తప్పించుకున్నాడట. ఊరు విడిచే ముందు పూలాత్ తనింటికి టీకి పిలిచి ద్రాక్షపందిరి కింద కూర్చోబెట్టినా అంతే, పంటినొప్పి అంటూ రొట్టె వైపు చూడనైనా చూడలేదు.

పూలాత్‌కు ఓపిక నశించింది. ఎంత మెత్తగా ఉందో చూడరా అంటూ నిండు రొట్టెను తనే ఒక్క కొరుకు కొరికి చూపించాడు. మొహిరా చేతిలో టీ గిన్నె ఆగిపోయింది. ఎవరైనా రొట్టెను చేత్తో తుంచుకుని తింటారు గానీ, ప్రయాణం కట్టినవాడు తప్ప ఎవరూ నిండు రొట్టెను కొరకరు.

“ఏమండీ, మీ ప్రయాణం ఎక్కడికి?” అనడిగింది.

పూలాత్‌కు వినపడితేగా. పెద్దాయన అంతగా బతిమాలుతుంటే కాదనలేక, ఎర్కిన్ అవతలి వైపు కొరికాడు. ముక్క వాడి గొంతు దిగకముందే పూలాత్ రొట్టె లాక్కుని గోడవైపు పరుగెత్తాడు.

ఆ తరవాత ఇంట్లో ఆ రొట్టెదే రాజ్యం. చీమలు పట్టకుండా మేకుకు నూనె రాసేవాడు. దుమ్ము పడుతుందని గోడకు సున్నం వేయనిచ్చేవాడు కాదు. ఇంట్లోకి వస్తూనే ముందు దాన్ని పలకరించేవాడు.

“పెళ్లైన కొత్తలో నన్ను కూడా ఇంతలా చూసుకోలేదు మీరు.”

“అది ఎదురు మాట్లాడదు.”

ఇక్కడ రొట్టె ఎండింది, అక్కడ జట్టూ ఎండింది. ఆకులు రాలే వేళకు ఆఖరి ఆట వచ్చిపడింది. సొంత మైదానంలో కార్వాన్‌తో సరిసమానంగా ముగిసినా చాలు, పహ్లవాన్ గట్టెక్కుతుంది. కార్వాన్ బస్సు ఆగింది. అందులోంచి పసుపు చొక్కాలో ఎర్కిన్ దిగాడు. పూలాత్‌ను చూసి చెయ్యూపాడు కూడా.

ఎర్కిన్ వచ్చిన పని చూసుకున్నాడు. ఒక గోలు జల్లెడ కాళ్ల మధ్యలోంచి, ఇంకొకటి బావాబావమరుదుల మధ్యలోంచి కొట్టాడు. పహ్లవాన్ ఓడింది, క్లబ్బుకు తాళం ఖాయమైంది. ఆట ముగిసి జనం వెళ్లిపోయాక పూలాత్ తడిసిన మేజోళ్లు ఒక్కొక్కటే ఏరుకుంటూ మైదానమంతా తిరిగాడు. వాటిని ఇక ఎవరూ తొడుక్కోరని తెలిసినా జతలు కుదిర్చాడు. చివరికి ఒంటి మేజోడు మిగిలితే అది పట్టుకుని గడ్డిలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇంటికొచ్చేసరికి పందిరి కింద ఎర్కిన్ కూర్చుని ఉన్నాడు. తను కొరికిన సగాన్ని వేడి టీలో నానబెట్టుకుని తింటున్నాడు.

“పిన్ని రమ్మని కబురు చేసింది బాబాయ్. రొట్టె రుణం ఉంచుకోకూడదంది,” అన్నాడు తలొంచుకుని.

పూలాత్ భార్యవైపు చూశాడు.

“వాణ్ణి రమ్మన్నారు, వచ్చాడు. ఏ చొక్కాలో రావాలో రొట్టెకు మీరు చెప్పలేదు,” అందామె.

ఎర్కిన్ టీ గిన్నె కింద పెట్టాడు. కార్వాన్‌లో చొక్కాలూ బంతులూ చూసుకునే ముసలాయన మానేశాడనీ, పూలాత్ వస్తే సంతోషమని తమ కోచ్ చెప్పమన్నాడనీ అన్నాడు. శత్రువుల గుడ్డలు ఉతకడానికి తను పుట్టలేదన్నాడు పూలాత్.

మొహిరా లోపలికి వెళ్లి రొట్టెలో మిగిలిన సగం తెచ్చి అతని ముందు పెట్టింది. దాని అంచున పూలాత్ ముందుపళ్ల గుర్తు స్పష్టంగా ఉంది.

“ప్రయాణం కట్టింది మీరే, వేసవిలోనే. ఇంట్లో ఉంటే రోజూ నా తందూరు ముందు కూర్చుని ఏడుస్తారు, నా రొట్టెలు ఉప్పెక్కిపోతాయి. వెళ్లండి. ఆటలు లేనప్పుడు రండి.”

అప్పుడు చూశాడు పూలాత్. అతని సంచి గుమ్మంలో సర్ది ఉంది. గోడకు కొత్త సున్నం మెరుస్తోంది, మేకు మాత్రం అలాగే ఉంది. కార్వాన్ కోచ్‌కు తన సంగతి అందించినదెవరో అడగాల్సిన పనే లేకపోయింది.

ఎర్కిన్‌తో కలిసి కార్వాన్ బస్సు వైపు నడుస్తూ వీధి చివర ఆగి, వెనక్కి వచ్చాడు. మొహిరా ఆ సగం రొట్టెను అప్పుడే మేకుకు తగిలిస్తోంది.

“చీమలు పడతాయి, నూనె రాస్తుండు,” అన్నాడు మెల్లగా.

“రాస్తాను. సగమే ఉంది, ఎక్కువ రోజులు ఆగదు,” అంది మొహిరా, గోడవైపు తిరిగే ఉండి.