నల్ల తెర మింగిన పడవ పేరు

“హెల్సింకీలో నేరం చేయాలనుకునేవాడు ముందు నా అడ్రసు కనుక్కుంటాడు చెల్లెమ్మా. ఎటువైపు పారిపోకూడదో తెలియాలిగా” అన్నాడు కింది అంతస్తు ఎన్సియో, మా గుమ్మంలో బూట్లు విప్పుతూ.

ట్రాముల్లో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. పోయినేడు ఎవరో సైకిలెత్తుకుపోయారని బిల్డింగంతా సోదా చేశాడు. సైకిలు ఆయనదే, ఆయన బాల్కనీలోనే ఉంది. అయినా నాకు ఇంకెవరు దిక్కు?

మా అమ్మాయి వెన్లా నా పాత లాప్‌టాప్‌లో పాత విండోస్ తీసేసి లినక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కించింది. “పాతదంతా తుడిచేశానమ్మా” అనేసరికి లాప్‌టాప్ దాని ఒళ్లోంచి లాక్కున్నాను. చనిపోయిన మా ఆయన ఫొటోలు ఇంకెక్కడా లేవు. తాయిస్తో ఆయన పేరు.

“ముందే బయటి డిస్కులో దాచానులే. వెనక్కి తెచ్చే కమాండు కొట్టి పెట్టాను. పాస్‌వర్డ్ అడుగుతోంది, మన పడవ పేరు కొట్టు” అని తువ్వాలు భుజాన వేసుకుని కింద సౌనాకి, అదే ఆవిరి స్నానాల గదికి, దిగిపోయింది. బిల్డింగంతటికీ అదొక్కటే, ఈ వారం మా వంతు ఆ గంటేగా.

కొట్టాను. నల్ల తెర మీద ఒక్క అక్షరం పడలేదు. చుక్కయినా పడలేదు. తాయిస్తో రెండోసారి పోయాడనుకుని ఎన్సియోని పిలిచాను.

ఎన్సియో భూతద్దం తీశాడు. “అక్షరాలు లోపలికి పోతున్నాయి, తెర మీదికి రావడం లేదు. మధ్యలో అంతర్జాతీయ ముఠా కాజేస్తోంది.”

“మా పడవ పేరు వాళ్లకెందుకండీ?”

“అక్కడే ఉంది భయంకరమైన రహస్యం. ఈ లినక్సు నీకెవరు అమ్మారు?”

“ఎవరూ అమ్మలేదు. ఊరికే ఇస్తారట. లోపలేముందో ఎవరైనా చదువుకోవచ్చట.”

“ఊరికే ఇస్తారు, పైగా ఏదీ దాచరు.” కళ్లు మూసుకున్నాడు. “ఇంత అనుమానాస్పదమైన కేసు నా జీవితంలో చూడలేదు.”

“వెన్లాని పిలుచుకు రానా?”

“సౌనాలో ఉన్న మనిషినా? హంతకుడైనా సరే, స్నానం ముగించి బయటికొచ్చాకే ప్రశ్నించాలి.”

ఆ మాటకి మాత్రం నేనూ తలూపాను. మా దేశంలో సౌనా అంటే గుడితో సమానం.

“ఒకటే దారి. ఆ డిస్కు వైరు పీకేస్తే ముఠా లోపలే ఇరుక్కుంటుంది” అని నా యాలకుల బన్ను కొరుకుతూ వంగాడు. ఫొటోలు కూడా లోపలే ఇరుక్కుంటాయేమోనని నేను చొక్కా పట్టి వెనక్కి లాగాను. బన్ను జారి కీబోర్డు కుడివైపున్న పెద్ద మీట మీద పడింది.

తెర నిండా వరసలు పరుగెత్తాయి. “పారిపోతున్నారు చూడు” అన్నాడు. అవి ఆగేసరికి, పక్కన ఖాళీగా ఉన్న ఫోల్డరులో తాయిస్తో ఒక్కొక్కడే వచ్చి కూర్చున్నాడు. పడవలో, రేవులో, చేప ఎత్తి పట్టుకుని.

వెన్లా ఎర్రటి మొహంతో వచ్చింది. “పాస్‌వర్డ్ కొడుతుంటే అందులో ఏమీ కనపడదమ్మా. కొట్టేసి ఎంటర్ నొక్కాలి.”

“అందుకేగా నొక్కాను” అన్నాడు ఎన్సియో, కీబోర్డు మీది సాక్ష్యాన్ని నోట్లో వేసుకుంటూ.

నేను చేప ఫొటో పెద్దది చేశాను. తాయిస్తో నవ్వుతున్నాడు. వెనక గట్టున ఎన్సియో, గాలం తన ప్యాంటుకే తగిలించుకుని గిరగిరా తిరుగుతున్నాడు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఈ ఒక్కటీ కేసుకి సంబంధం లేనిది చెల్లెమ్మా. తుడిచేయొచ్చు.”

వెన్లా చేత దాన్నే తెర నిండా పెట్టించుకున్నాను.