సున్నా అంటే విజయం

"ఇకమీదట మన ప్రభుత్వంలో ఎవరూ ఆగనక్కర్లేదు, ఏదీ ఆగదు!" అని మంత్రిగారు ప్రకటించగానే అందరం లేచి చప్పట్లు కొట్టాం. నేను కాస్త ఎక్కువసేపే కొట్టాను. ప్రభుత్వ కంప్యూటర్లన్నీ ఆధారపడే స్వదేశీ సీ లైబ్రరీని, అంటే సీ అనే కంప్యూటర్ భాషలో అన్ని ప్రోగ్రాములూ వాడుకునే కోడ్‌ని, రాస్తున్నది మా మరిదే మరి.

మంత్రిగారు అతన్ని వేదిక మీదికి పిలిచారు.

"ఇంకా ఏం మిగిలిందయ్యా?"

"టెర్మినల్ లైన్ ఫంక్షన్లు సార్, ప్రింటర్ల లాంటివాటికి అక్షరాలు పంపే లైన్లను చూసుకునే చిన్న చిన్న కోడ్‌లు. మొదటిది, ప్రింటర్‌కి పంపిన అక్షరాలన్నీ చేరేదాకా ఆగుతుంది. తర్వాతే లైను మూయాలి."

"ఆగుతుందా? నేనిప్పుడేం చెప్పాను?"

"ఆగకపోతే చివరి అక్షరాలు పోతాయి సార్."

"ఆగకుండానే పనైపోయిందనాలంటే?"

"ఫంక్షన్ జవాబుగా సున్నా ఇవ్వాలి సార్. సీ భాషలో సున్నా అంటే విజయం."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "మా శాఖ మొదట్నుంచీ ఆ భాషలోనే పనిచేస్తోందన్నమాట!"

కప్పులో టీ చల్లారేలోపు మరిది ఆ ఫంక్షన్లన్నిటిచేతా సున్నా ఇప్పించేశాడు. మెడలో పతకం పడింది.

ఆ తర్వాత అత్తయ్యకు కంటి శుక్లాల ఆపరేషన్ అన్నారు. ఆస్పత్రి కౌంటర్లో చీటీ చక్కగా వచ్చింది. పైన మంత్రిగారి శుభాకాంక్షలు, పేరు, పదవులన్నీ. కింద అత్తయ్య పేరు సగం. తేదీ ఉండాల్సిన చోట తెల్ల కాగితం.

"తేదీ ఏదండీ?" అన్నాను.

"స్క్రీన్ మీద సక్సెస్ అనే ఉందమ్మా. తేదీ పడని చీటీతో ఎవర్నీ లోపలికి పంపకూడదని మంత్రిగారి ఉత్తర్వు. చేత్తో రాస్తే చెల్లదు. రేపు రండి."

రేపూ అంతే. ఆ మర్నాడూ అంతే. అలా నెలలు గడిచేసరికి అత్తయ్య రెండో కన్ను కూడా మసకేసింది. అన్నంలో రాయికీ గింజకీ తేడా తెలియడం లేదు.

"ఒరేయ్, నీ సున్నా నా కంట్లో నలుసైందిరా" అంది చిన్నకొడుకుతో, అదే మా మరిదితో.

"ఆగే కోడ్ రాసి పంపానమ్మా. ఆగడం అభివృద్ధికి విరుద్ధమని తిప్పి పంపారు. పోనీ మంత్రిగారి పదవులు కొన్ని తగ్గిస్తే తేదీకి చోటొస్తుందన్నాను. మా ఆఫీసరు లేచి తలుపేసొచ్చి, 'ఆ మాట ఇంకెవరితోనైనా అన్నావా?' అనడిగాడు."

ఒకరోజు ఆస్పత్రికి మంత్రిగారే వచ్చారు. ఆయనకూ శుక్లాలట. చీటీని ముక్కుకి ఆనించుకుని చదువుకుని, "నా పేరు ఎంత స్పష్టంగా పడిందో!" అని మురిసిపోయారు.

"తేదీ పడలేదు సార్. బెంచీ మీద కూర్చోండి" అన్నాడు కౌంటర్లో మనిషి.

"నన్నే?"

"ఆ ఉత్తర్వు తమరిదే సార్."

ఎవరో మసగ్గా కనిపించేసరికి అత్తయ్య జరిగి చోటిచ్చింది.

"కూర్చో నాయనా. ఇక్కడ ఎదురుచూడక్కర్లేదట, మంత్రి రద్దు చేశాడు. నేనూ రోజూ ఎదురుచూడకుండానే కూర్చుని వెళుతున్నా."